చిల్లర దేవుళ్ళ వెనుకనున్న పెద్ద దేవుడు

దాశరథి రంగాచార్యులవారి 'చిల్లర దేవుళ్ళు' నవలను మేమిదివరకు మూడు మారులు చదివితిమి. చదివినప్పుడెల్ల దొరపై కోపము పుట్టినది. గడిలో మ్రగ్గిన యాడువారిపై జాలి కలిగినది. పుస్తకము మూసి మా పనులు మేము చూచుకొంటిమి. నవలను చదువుట కింతకు మించిన పద్ధతి యొకటి కలదని మాకు తోపలేదు. మొన్న మా చంద్లాపూరులో పిల్లలకు తెలుగు నవలలను గూర్చి చెప్పుచు నా కథను సంగ్రహించి వినిపించినప్పుడు వెనుక బల్లమీది బాలిక యొకతె లేచి, "సార్, గిన్ని బాధలు వెడ్తుంటె ఎవ్వలన్న వోయి రాజుకు జెప్పలేదా?" అని యడిగినది.

నవ్వి కూర్చుండబెట్టదగిన ప్రశ్న కాదది. చెప్పిరనుట నిజము. చెప్పనీయలేదనుటయు నిజము. చెప్పినను వినబడలేదనుట యింకను నిజము. ఈ మూడును ఒక్కచోట నెట్లు పొసగునో నిలుచున్నపాటున వివరించుట మాకు చేతకాలేదు. రేపు చెప్పెదమని తప్పించుకొని, ఆ రాత్రి నవలను నాలుగవ మారు తీసితిమి.

మా యూరు సిద్దిపేటకు దగ్గరిది. రంగనాయకస్వామి పేరిట నిర్మింపబడిన జలాశయము 2020లో నిండినప్పటినుండి యాత్రికులు వచ్చి నీటియెదుట ఛాయాచిత్రములు తీసికొనిపోవుచుందురు. నేటి పిల్లలకు దొర యనగా చలనచిత్రమున మీసము దువ్వు ప్రతినాయకుడు. మా చిన్నతనమున మాత్రము గడి యను మాట వచ్చినప్పుడు తమకు తెలియకయే గొంతు తగ్గించు ముసలివారుండిరి. వారిప్పుడు లేరు. వారు చూచినది మన కిపుడు పుస్తకములలోనే దొరకవలయును. కావుననే ఆ పుస్తకములు ఏమి చూపినవో, ఏమి చూపలేదో విచారించుట అవసరమగుచున్నది.

ముందు గుణమును చెప్పుదము. పోలీసుచర్యకు పూర్వపు తెలంగాణపు పల్లె యిది. సారంగపాణి యను సంగీతజ్ఞుడు బ్రతుకుతెరువు వెదకుకొనుచు నా పల్లెకు వచ్చును. గడిలో పాఠము చెప్పుటకు కుదురుకొనును. ఆతని కన్నులతో మనము లోపలి సంగతి చూతుము. కూలి యడుగరాని వెట్టి, దొరబిడ్డతో నత్తవారింటికి పశువువలె తోలబడు ఆడబాప, తీర్పు చెప్పువాడే నేరము చేసినవాడైన పంచాయితి, ఇవి యన్నియు నతడు చూచును. రచయిత కేకలు వేయడు. దొరసానులును గడిలో బందీలే యని గ్రహించినవాడగుటచేత గోడకు రెండు వైపులను చూపగలిగెను. పల్లెవారి నోట పల్లెవారి మాటనే యుంచెను. ఉద్యమమున తిరిగినవాడును, నాలుగు వేదములను తెలుగు చేసిన పండితుడును నొక్కరే యగుట మన సాహిత్యమున అరుదు. ఆ రెండు చదువుల నిగ్రహమును ఈ నవలయందు కలదు.

అన్నిటికంటె గొప్పది పేరు. చిల్లర దేవుళ్ళట! సంతకు పోయిన ప్రతివానికిని చిల్లర యనగా నేమో తెలియును. చిల్లర తనంతట పుట్టదు. ఎక్కడనో యొక రూపాయి విరుగవలయును. పల్లెలో దొర చిల్లర దేవుడైనచో, ఆతడు ఏ రూపాయికి చిల్లర? ఆ రూపాయిమీది ముద్ర యెవరిది? పేరు పెట్టుటలోనే రచయిత యీ ప్రశ్న వేసినాడు. కాని కథలో దానికి పూర్తిగా బదులు చెప్పలేదు. పెద్ద దేవుడు కథాపాత్రయై మన కెదురు రాడు. అమీనులు వత్తురు, దౌరా వచ్చిన యధికారులు గడిలో విందులారగించి పోవుదురు. వారిని పంపిన చేయి మాత్రము తెరవెనుకనే యుండును.

ఇది లోపమా? పల్లెవాని యనుభవమునకిది సత్యమే. కర్షకునకు ప్రభువు నాణెముమీది యక్షరములుగానే తెలియును. అయితే ఈ సత్యమును పట్టుకొని మన విమర్శకులు పొరపాటు త్రోవను పోయిరి. దొరను రావణునిగా, తిరుగబడినవానిని రామునిగా నిలిపి, రావణవధతో కథ ముగిసెనని తృప్తిపడిరి. దొర చెడ్డవాడగుటచే విప్లవము వచ్చినదనుట సగము మాట. చెడ్డ దొరలు వందల యేండ్లనుండి కలరు. విప్లవము 1946లోనే యేల వచ్చెను? ఈ ప్రశ్నకు జవాబు గడిలో దొరకదు. హైదరాబాదు కోఠీలలో వెదకవలయును.

దొర పుట్టుకయే దివాణములో జరిగినది. 1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్ జంగు, శిస్తు వసూలును గుత్తకిచ్చు పద్ధతిని తీసివేసి జీతగాండ్రను పెట్టెను. ఉద్దేశము మంచిదే. ఆ మార్పుతో పని కోల్పోయిన దేశముఖులకు, దేశపాండేలకు పరిహారముగా వతనులు దొరకెను. పని పోయినది, పలుకుబడి పోలేదు. పైగా భూమి కొలతలు జరిగినప్పుడు లెక్కల గుట్టు తెలిసినవారు వీరే యగుటచేత రైతు దున్నుకొనుచున్న నేల యెంతయో వీరి పేరిట పట్టాకెక్కెను. ఇట్లు సంస్కారము కడుపున చిల్లర దేవుడు జన్మించెను. రాజ్యమునందలి భూమిలో నూటికి అరువది పాళ్ళు మాత్రమే దివానీ పాలనలోనిది. ముప్పది పాళ్ళు జాగీరులు. పది పాళ్ళు ప్రభువు సొంత ఖర్చులకైన సర్ఫెఖాసు. ప్రభువే యొక పెద్ద భూస్వామియైనపుడు దొరను దండించువాడెవడు?

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను సోమరి యని యనుకొనువారు పొరబడుదురు. 1911లో గద్దె నెక్కి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును స్థాపించెను. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట యను సాహసమున కాతనిని మెచ్చుకొనవలసినదే, ఆ భాష రాజ్యమునందలి యెక్కువమంది యిండ్ల భాష కాకపోయినను. మంజీరపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది. 1937లో రజతోత్సవము జరిగెను. అమెరికాలోని 'టైం' పత్రిక ఆ సంవత్సరమే ఆతనిని ప్రపంచమునకెల్ల ధనవంతుడని ముఖపత్రముమీద ప్రకటించెను. కట్టడములతో రాజును కొలుచువారి కిట్టి పాలకునిపై తిరుగుబాటు రావలసిన పనియే లేదు.

రాజును కొలువవలసిన కొల వేరు. ఆతని యాజ్ఞ పల్లెదాక నడచినదా? పల్లె గోడు ఆతని దాక నడచినదా? ఈ రెండు దారులును తెగినచో నెన్ని ఆనకట్టలు కట్టినను ఫలమేమి?

వెట్టిని గూర్చిన కథ దీనికి తార్కాణము. వెట్టిని కట్టడి చేయుచు ప్రభుత్వమే యుత్తరువు లిచ్చియుండెను. ఆ యుత్తరువులు కచేరీ దస్త్రములలో భద్రముగా నుండెను; పల్లెలో మాల మాదిగ లింటికొకరు చొప్పున గడిపనికి పోవుచునే యుండిరి; చాకలి, మంగలి, కుమ్మరి తమ తమ చాకిరి ఉచితముగా చేయుచునే యుండిరి. ఆంధ్రజనసంఘమువారు వెట్టిచాకిరిని గూర్చి చిన్న పుస్తకమచ్చువేసి పంచినప్పుడుగాని, ఇది సర్కారే వలదన్న పని యని చాలమందికి తెలియలేదు. ఆజ్ఞ నిచ్చుటతో తన ధర్మము తీరెనని ప్రభువు తలంచెను. ఆజ్ఞ నడచినదో లేదో చూచి రమ్మని యెవరిని పంపెను? గడిలో విందారగించువారినే పంపెను.

మాకిది నవ్వుటకు తగిన తప్పు కాదు. ఒకప్పుడు మా తరగతిలో ఆలస్యముగా వచ్చినవారి పేర్లు వ్రాయుటకొక బాలుని నాయకునిగా నియమించి మేము నిశ్చింతగా నుంటిమి. నెల దాటినపిదప, ఆ పట్టికలో పేరు పడకుండుటకు పిల్లలు వానికి రేగుపండ్లు చెల్లించుచుండిరని తెలిసినది. నియమము మాది, చేవ్రాలు మాది, పండ్లు వానివి. ఎవ్వరును మాకు చెప్పలేదేమి యని కోపించితిమి. చెప్పవలసినదానిని వానిద్వారా చెప్పుడని మేమే శాసించియుంటిమని తరువాత జ్ఞప్తికి వచ్చినది!

ఇక గోడు పైకి పోవు దారి. ఇచ్చట మేము బాలికకు చెప్పవలసిన మాట యున్నది: చెప్పిరమ్మా, చాలమంది చెప్పిరి. మాడపాటి హనుమంతరావుగారు వకీలు. బూర్గుల రామకృష్ణారావుగారు వకీలు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో 'గోలకొండ పత్రిక'ను నెలకొల్పిన సంపాదకుడు. వీరి చేతులలో కాగితములుండెను గాని కత్తులు లేవు. 1930లో మన మెదకు సీమయందలి జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. 1935లో మా పొరుగుననున్న సిరిసిల్లలో హనుమంతరావుగారధ్యక్షులైరి. బడి కావలెను, గ్రంథాలయము కావలెను, వెట్టి పోవలెను అని తీర్మానించుచు, ప్రతి తీర్మానము చివరను ప్రభుత్వమును ప్రార్థించుచుండిరి. ఇంతకంటె మెత్తని ప్రతిపక్షము ఏ రాజునకు దొరకును? ఇట్టివారికి బదులుగా దివాణము చూపినది గస్తీ నిషాన్ 53, అనగా ముందనుమతి లేక సభ జరుపరాదను నుత్తరువు. ప్రార్థించుట కనుమతి కొరకు వేరుగ ప్రార్థింపవలసి వచ్చెను.

సంస్కర్తలమగు మనమును చేతులు కడుగుకొనలేము. 1921 నవంబరులో హైదరాబాదులో మహర్షి కార్వేగారి యధ్యక్షతను జరిగిన సంఘసంస్కారసభలోనే ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబోగా గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. వినకపోవుట రాజు జబ్బు మాత్రమే కాదు.

1937లో అరవముదు అయ్యంగారి సంఘమును నియమించి రాజ్యాంగసంస్కరణములను విచారింపుమనిరి. మరుసటి యేట స్టేట్ కాంగ్రెసు పుట్టక ముందే నిషేధింపబడినది. సత్యాగ్రహులు చెరసాలలకు పోయిరి. వందేమాతరము పాడిన విద్యార్థులు ఉస్మానియానుండి వెడలగొట్టబడిరి. 1939లో వెలువడిన సంస్కరణములు వృత్తులవారీగా ప్రతినిధులను పిలిచినవి గాని, మంత్రులను వారికి బాధ్యులను చేయలేదు. ఆ కొంచెమును యుద్ధము పేరిట వెనుకకు నెట్టబడి, 1946 వచ్చువరకు కార్యరూపము దాల్చలేదు. ఆకలిగొన్నవానిని పంక్తికి పిలిచి, విస్తరి వేసి, వడ్డన యేడేండ్ల తరువాత నన్నట్లున్నది.

ఈలోపల మహాసభలో మితవాదుల మాట చెల్లని నాణెమైపోయెను. మీ వినతిపత్రములతో నేమి వచ్చెనని పల్లెలనుండి వచ్చిన యువకు లడిగినచో నేమి చెప్పగలరు? 1941లో చిలుకూరున, 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారధ్యక్షులైరి. భువనగిరితో సభ రెండుగా చీలి, పల్లెలలో దాని పేరే 'సంగము'గా మారెను. మితవాదులను ఓడించినవారు కమ్యూనిస్టులని చరిత్రకారులు వ్రాయుదురు. వారిని ముందుగా నోడించినది తాను మిత్రులుగా చూచుకొనవలసినవారిని అనుమానించిన ప్రభువే యని మా యభిప్రాయము.

కచేరీల సంగతియు చూడుడు. కామారెడ్డిగూడెమునందు షేక్ బందగీ యను రైతు విసునూరు దేశముఖున కెదురు నిలిచి తన భూమికై న్యాయస్థానమున కేండ్ల తరబడి తిరిగెను. చట్టమును నమ్మిన మనుష్యుడు. ఆతనిని దారికాచి నరికివేసిరి. ఈ కథనే సుంకర, వాసిరెడ్డి గారలు 'మా భూమి' నాటకమునకు మూలముగా గైకొనిరి. ఆ నాటకమును చూచి జనులు ఉద్రేకపడిరనుట విందుము. ఉద్రేకమునకు కారణము హత్య మాత్రమే కాదు, చట్టపు దారిని నడచినవానికే ఆ గతి పట్టుట. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను అదే దేశముఖు మనుష్యులకు దక్కనీయక సంగము నండతో నింటికి చేర్చుకొనెను. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన పల్లెవాని కేది పాఠమగునో చెప్పనక్కరలేదు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో గడివైపునుండి వచ్చిన తుపాకిగుండుకు దొడ్డి కొమురయ్య నేలకొరిగెను. అటుపైని కాగితము మాట యెవ్వరు నెత్తలేదు.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. భూమి పంపకమునందలి యన్యాయమే విప్లవమునకు మూలము, పాలకుని మంచిచెడ్డలు పైపై సంగతులు అని. ఆక్షేపణ బలమైనదే. కాని సరిహద్దునకు ఆవలనున్న మదరాసు రాజ్యపు సీమను చూడుడు. అచ్చటను జమీందారులుండిరి, మునగాలలో, చల్లపల్లిలో రైతులు పోరాడిరి, కమ్యూనిస్టులును వారే, భాషయు నదే. అయినను అచ్చట శాసనసభ యొకటుండెను. ప్రకాశము పంతులుగారి యధ్యక్షతను సంఘమొకటి 1938లో జమీందారీలపై నివేదిక నిచ్చెను. 1948లో మదరాసు ఎస్టేటుల రద్దు చట్టము వచ్చెను. ఆలస్యమైనను, లోపములున్నను, గోడు చట్టమగుటకు దారి యుండెను. ఈవలి సీమను దారి లేదు. భూమి బాధ రెండు చోట్లను కలదు. తుపాకి యొక్క చోటనే రాజ్యమేలెను. మరియు 1952లో మొదటి యెన్నికలు జరిగినపుడు, తుపాకి పట్టిన యుద్యమపు నాయకుడైన నారాయణరెడ్డిగారిని నల్లగొండ ప్రజలు నెహ్రూగారికంటె నెక్కువ ఓట్లతో లోకసభకు పంపిరి. తలుపు తెరచినంతనే జనులు తలుపుగుండనే నడచిరి.

రష్యాలో 1905 జనవరిలో జరిగినదియు నిట్టిదే. కార్మికులు దేవుని పటములు మోసికొని, తమ తండ్రియని చక్రవర్తి కొక విన్నపము నీయబోయిరి. ఆయన నగరిలో లేడు. ఆయన సైనికులు కాల్పులు జరిపిరి. పండ్రెండేండ్లకు ఆ సింహాసనమే లేదు.

నిజాము చివరి రెండేండ్ల కథను చదువునపుడు మాకు ధృతరాష్ట్రుడు తలపునకు వచ్చును. రాత్రియంతయు విదురుని మాటలు విని, తెల్లవారి తన త్రోవ తాను పట్టినవాడు. 1947 అక్టోబరులో భారతప్రభుత్వముతో చేసికొనదలచిన యథాతథపు టొడంబడికను మంత్రిమండలి ఆరు ఓట్లకు మూడుతో నంగీకరించెను. ప్రభువును సరే యనెను. చేవ్రాలు మాత్రము రేపనెను. 27వ తేది వేకువను ఇత్తెహాదు మూక ఛత్తారీ నవాబు మొదలైన రాయబారుల యిండ్లను చుట్టుముట్టెను. ప్రభువు మాట మార్చెను; ఛత్తారీ రాజీనామా యిచ్చెను. నవంబరు 29న ఇంచుమించు ఆ యొడంబడికమీదనే చేవ్రాలు చేసిరి. ఒక నెలలో సాధించినదేమి? తన రాజ్యమున మాట చెల్లునది తనది కాదు, ఖాసిం రజ్వీది యని లోకమునకు చాటుట. కాంగ్రెసువారికి ప్రతిబలముగా నుండునని పెంచిన సంస్థ యజమాని మెడనే పట్టుకొనెను. రజాకారులను రద్దుచేయుడని వ్రాయుచున్న 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో నడివీధిని నరకబడెను. హితము చెప్పిన ముసల్మానునకే ఆ గతి పట్టినది.

ఆ నెలలోనే, 27వ తేదీన, నేటి మా జిల్లాలోని భైరానుపల్లిపై రజాకారులు నిజాము బలగముతో వచ్చి పడిరి. ఊరివారు బురుజెక్కి అంతకుముందు వారిని తరిమియుండిరి. ఈ మారు ఫిరంగులు వచ్చినవి. తొంబదిమందికి పైగా హతులైరి. ఆ బురుజింకను నిలిచియున్నది. మేము పిల్లలను తీసికొనిపోయి చూపితిమి. ఒకడు దానిమీది గుండ్ల గుంటలలో వ్రేలు పెట్టి చూచెను. సెప్టెంబరు 13న బయలుదేరిన భారతసైన్యమునకు 17న హైదరాబాదు లొంగినది. అటుపిమ్మట మరాట్వాడా మొదలైన సీమలలో వేలకొలది ముసల్మానులు చంపబడిరి; సుందర్‌లాల్ సంఘము ఆ సంఖ్యను ఇరువదియేడు వేలకును నలుబది వేలకును నడుమ నుంచెను. వారిలో ఎక్కువమందికి గడియు లేదు, జాగీరును లేదు. ప్రభువు 1950 నుండి 1956 వరకు రాజప్రముఖుడుగా నుండెను.

ఈ చివరి సంగతి మన విప్లవసాహిత్యమున నెంత కనబడుచున్నదని యడిగినచో జవాబు చెప్పుట కష్టము. వట్టికోట ఆళ్వారుస్వామిగారి 'ప్రజల మనిషి' దీనికి కొంత చేరువకు వచ్చినది. చెరసాల చూచినవాడు, ఇంటింటికి పుస్తకములు మోసినవాడు గావున కంఠీరవమును వీరునిగా గాక, నేర్చుకొనుచు పెరుగు మనుష్యునిగా చిత్రించెను. దిమ్మెగూడెపు దొరకును పైయధికారికిని గల సంబంధము ఆ పుస్తకమున 'చిల్లర దేవుళ్ళ'కంటె విస్పష్టము. కళలో మాత్రము రంగాచార్యులవారిదే పైచేయి. ఈ రెంటిలోను, 'మోదుగుపూలు'లోను మనకు దొరకనిది కచేరీ లోపలి గది. తిరుగబడిన పల్లె లోపల నెట్లుండెనో మనకు తెలిసినది. వినని నగరు లోపల నెట్లుండెనో తెలియలేదు. అందుచేతనే మన పిల్లలకు దొర రాక్షసుడుగా మిగిలినాడు, ప్రభువు చెరువులు కట్టించిన పెద్దమనిషిగా మిగిలినాడు.

మరునాడు బాలికకు ఇదంతయు చెప్పలేదు. వెట్టి పుస్తకము కథయు, బందగీ కథయు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "మరి ఆ కాయిదాలు ఏడ వోయినయ్ సార్?" అనినది. హైదరాబాదులోని తార్నాకలో ప్రభుత్వ పురాలేఖ్యశాల కలదు. నిజాముల కాలపు పారసీ, ఉరుదూ దస్త్రములు అచ్చట కట్టలుగా నున్నవి. పల్లెనుండి వచ్చిన విన్నపమును విప్పి, చదివి, ముద్రవేసి, బీరువాలో పెట్టి, సాయంకాలమింటికి పోయి పిల్లలతో నన్నము తినిన గుమాస్తా యొకడుండియుండును. వాడు దుర్మార్గుడై యుండనక్కరలేదు. వానిని నాయకునిగా పెట్టి నవల వ్రాయువారి కొరకు మేము చూచుచున్నాము.